సీతాఫలం మెత్తబడిన రోజు

సీతాఫలం గురించి మీకు తెలియనిదేదో నాకు తెలుసని అనుకోకండి. నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడికి చెప్పకుండా సెలవు పెట్టిన మనిషిని. ఆ సెలవు ఇంకా నడుస్తూనే ఉంది. కానీ ఉద్యోగం మాత్రం చదువుకున్నవాళ్ళ మధ్యే చేశాను. ఎల్బీనగర్ చౌరస్తా నుంచి సందులోకి తిరగగానే పండ్లను పరీక్షించే ఒక చిన్న ల్యాబు ఉండేది. అందులో అటెండరుగా చేరి అటెండరుగానే దిగిపోయాను. మధ్యలో ప్రమోషన్ రాలేదా అని అడిగేవాళ్ళకు, వచ్చింది గానీ ఆ రోజు నేను సెలవులో ఉన్నాను, చూసి వెళ్ళిపోయిందట అని చెబుతుంటాను.

ఈమధ్య ఇలాంటి ల్యాబుల్లో చేరుతున్న పిల్లలు ఎక్కడైనా కలిస్తే అడుగుతారు. "అంకుల్, గప్పుడు మిషన్లు లేకుండ ఎట్ల చేసేటోళ్ళు?" అని. కళ్ళతో చేసేవాళ్ళం నాయనా. మీరు ఇప్పుడు మిషన్ ముందు కూర్చుని ఫోన్ చూసుకుంటారు. మేము పండు ముందు కూర్చుని పండునే చూసేవాళ్ళం.

విటమిన్ సి కొలవడం అప్పట్లో ఇలా ఉండేది. పండు గుజ్జును ఆమ్లంలో కలిపి వడకట్టి, ఆ నీళ్ళను గాజు కుప్పెలో పోస్తాం. పైన గీతలు గీసిన పొడుగాటి గాజు గొట్టం, దాని అడుగున చిన్న కుళాయి. గొట్టం నిండా నీలం రంగు. కుళాయి తిప్పితే రంగు చుక్కచుక్కగా కుప్పెలో పడుతుంది. విటమిన్ ఉన్నంతసేపు ఆ రంగును మింగేస్తూ ఉంటుంది. మింగీ మింగీ అది అయిపోయిందా, తరువాతి చుక్క లేత గులాబీగా నిలబడిపోతుంది. అక్కడ ఆపాలి. గొట్టంలోంచి ఎంత రంగు దిగిందో చూస్తే పండులో ఎంత విటమిన్ ఉందో తేలుతుంది. లెక్క కట్టేది చదువుకున్నవాళ్ళు. పక్కన కూర్చుని "ఆపు" అనేది నేను.

దీనికి మా ల్యాబులో ఒక కట్టుబాటు ఉండేది. ఒక మూట పండ్లు కోసిన రోజు నుంచి మగ్గిపోయే రోజు దాకా రోజూ కొలుస్తారు కదా, ఆ వరుస ఎవరి కన్నుతో మొదలైతే వాళ్ళ కన్నుతోనే ముగియాలి. ఎందుకంటే గులాబీ అనేది ఒక్కొక్కరి కంటికి ఒక్కో చుక్క దగ్గర వస్తుంది. నేను చేరిన కొత్తలోనే, ఒకరు గులాబీ వచ్చిందని, ఇంకొకరు రాలేదని కుప్పె పట్టుకుని పెద్ద పంచాయితీ పెట్టుకున్నారు. పంచాయితీ తీర్చమని నన్ను పిలిస్తే ఇది గులాబీ కాదు, ఉల్లిపొర రంగు అన్నాను. మాది పోచంపల్లి వైపు. మా ఇంట్లో నూలుకు రంగు అద్దేవాళ్ళు, కాబట్టి నాకు గులాబీలో రకాలు ఎక్కువ తెలుసు. దాంతో పంచాయితీ ఇద్దరి మధ్య నుంచి ముగ్గురి మధ్యకు వచ్చింది. ఆ రోజే ల్యాబు పెద్ద, మా సార్, విసిగిపోయి ఈ కట్టుబాటు పెట్టాడు. ఎవరి కన్ను కరెక్టు అన్నది కాదు, కన్ను మారకూడదు, అంతే.

నన్ను ఈ ల్యాబులో పెట్టించింది మా ఊరి అన్న. సొంత అన్న కాదు, మా వీధిలో నాలుగిళ్ళ అవతలి మగ్గం వాళ్ళ అన్న. ఆయన చదువుకున్నాడు, టెక్నీషియన్ అయ్యాడు, మా ఉద్యోగుల సంఘానికి నాయకుడూ అయ్యాడు. బడి మానేసి మగ్గం మీద కూర్చోలేక ఊళ్ళో పెళ్ళిళ్ళకు జోకులు చెబుతూ తిరుగుతున్న నన్ను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, "సార్, గాజు సామాన్లు కడుగుతడు. పగలగొట్టినా నవ్విస్తడు" అని సిఫారసు చేశాడు. ఆ రెండూ చేశాను.

అప్పటి నుంచి ఆయన నా జోకులకు మొదటి గిరాకీ. పొద్దున ఆఫీసు సందు మూలన చాయ్ తాగేటప్పుడు ఆయన ముందు నవ్వేవాడు, తరువాత మిగతావాళ్ళు నవ్వేవాళ్ళు. ఆయన నవ్వు పెద్దది, ఎదుటివాడి భుజం మీద కొట్టి మరీ నవ్వేవాడు. నా భుజానికి ఆ పక్క ఎప్పుడూ కొంచెం నొప్పిగానే ఉండేది.

ఇక మేడం సంగతి. గుంటూరు అవతల నుంచి వచ్చిన అమ్మాయి, పరిశోధన విద్యార్థిని. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల వెనక ఒక హాస్టల్లో ఉండేది. మా ల్యాబులో ఒక బల్ల ఆమెకు ఇచ్చారు. ఆమె ప్రశ్న చిన్నది. సీతాఫలం చెట్టు నుంచి కోశాక మెత్తబడేదాకా అందులో విటమిన్ సి ఎటు నడుస్తుంది, పెరుగుతుందా, తగ్గుతుందా, ఎక్కడ వంపు తిరుగుతుంది? వినడానికి ఇంతే. కానీ సీతాఫలం మామిడిలాగా మర్యాద తెలిసిన పండు కాదు. ఇవాళ రాయిలా ఉంటుంది, రేపు చెంపలా ఉంటుంది, ఎల్లుండి చేతిలో పట్టుకుంటే వేళ్ళ సందుల్లోంచి కారిపోతుంది. మెత్తబడిన ఆ ఒక్క రోజు కొలత తప్పిపోతే ముందు కొలతలన్నీ దండగ. వంపు ఎక్కడ తిరిగిందో తెలియదు.

ముందటి ఏడు ఆమె తెప్పించిన పండ్లు బంద్‌లో చిక్కుకుని దారిలోనే మగ్గిపోయాయి. లారీ తలుపు తీసేసరికి గింజలు, ఈగలు మిగిలాయి. మళ్ళీ సీతాఫలం రావడానికి ఏడాది ఆగింది. ఇంక గడువు ఇచ్చేది లేదని వాళ్ళ గైడు చెప్పేశాడు. ఈ సీజన్లో వరుస పూర్తయితే పట్టా, లేకపోతే పెట్టె సర్దుకుని ఇంటికి. ఆ మాట ఆమె నాతో గిన్నెలు కడిగేటప్పుడు మామూలుగా చెప్పింది, బస్సు టైం చెప్పినట్టు.

"బాబాయ్, ఈసారి మీ కన్నే పెట్టుకుందాం. నేను కుళాయి తిప్పుతాను, మీరు ఆపమనండి."

"నా కన్నెందుకు మేడం? నీదానికి ఏమైంది?"

"నాకు గులాబీ ఆలస్యంగా కనపడుద్ది. మీరు ఆపమన్నాక ఇంకో చుక్క పడితే గానీ నాకు తెలీట్లేదు. పైగా కుళాయి తిప్పేవాళ్ళకి ఆశ ఎక్కువ ఉంటదండి. కావలసిన చోట రంగు కనిపించేస్తది."

నాకు ఆ మాట నచ్చింది. ఆశ లేని మనిషి కావాలంటే నేనే దొరికానా అని అడిగాను. ఆమె నవ్వింది. అలా వరుస నా కన్నుతో మొదలైంది.

అప్పుడు తెలంగాణ ఉద్యమం ఊపు మీద ఉంది. ఇప్పటి పిల్లలకు ఎలా చెప్పాలో తెలియదు. ఎల్బీనగర్ చౌరస్తాలో వాహనాలు లేని మధ్యాహ్నం మీరు ఊహించగలరా? ఆ రోజుల్లో బస్సులు డిపోల్లో పడుకున్నాయి. ఆఫీసులకు తాళాలు. రోడ్డు మీదే వంట, రోడ్డు మీదే బతుకమ్మ, రోడ్డు మీదే డప్పు. నాదర్‌గుల్ వైపు నుంచి శిక్షణ విమానం ఒకటి అప్పుడప్పుడు నెత్తి మీదుగా తిరిగేది. కింద ఇన్ని వేలమంది ఆగిపోయినా ఆ ఒక్కటి మాత్రం గుండ్రంగా తిరుగుతూ నేర్చుకుంటూనే ఉండేది.

నాకు తెలంగాణ కావాలా అని ఎవరూ అడగలేదు, అడిగే అవసరం లేదు. మా నాన్న మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని బతికి, అందులోనే పోయిన మనిషి. నాకు కావాలి. సంఘం మీటింగులో చెయ్యి ఎత్తమన్నప్పుడు నేను రెండు చేతులూ ఎత్తాను. అన్న కోప్పడ్డాడు. "ఒక్కటే ఎత్తు బే, ఓట్ల లెక్క తప్పుతది" అని.

పండ్లు ముందే వచ్చాయి. మొదటి కొలతలు బాగానే నడిచాయి. రోజుకింత పెరుగుతున్నట్టు ఆమె గ్రాఫులో చుక్కలు పైకి ఎక్కుతున్నాయి. ఇంకొక్క కొలత, పండు మెత్తబడే రోజుది, మిగిలి ఉండగా మా సంఘం కూడా సమ్మెలోకి దిగింది. మా సార్‌కు సరిగ్గా ఆ పొద్దుటే నడుము పట్టేసిందట, మెడికల్ లీవు పెట్టేశాడు. నడుము ఏ పక్క పట్టిందో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మీర్‌పేట్‌లో కిరాయి ఇంటి నుంచి నేను నడుచుకుంటూ చౌరస్తాకు వచ్చాను. మా వాళ్ళు అప్పటికే ఆఫీసు సందు మొదట్లో షామియానా వేశారు. గులాబీ రంగు గుడ్డ. కింద జంపఖానాలు పరిచారు. ఒక పక్క పొయ్యి మీద పెద్ద గుండిగలో పప్పు ఉడుకుతోంది. నేను కూర్చుని రెండు జోకులు చెప్పానో లేదో, మేడం వచ్చి షామియానా అంచున నిలబడింది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి నడిచి వచ్చింది. చున్నీ తల మీంచి కప్పుకుంది, ఎండకో మరి దేనికో. కోస్తా మాట నోట్లో పెట్టుకుని అలాంటి టెంటులోకి రావడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. అన్నే ముందు పలకరించాడు.

"ఏం బిడ్డా, నువ్వు గూడ సమ్మెల కూసుంటవా? రా, జాగ ఉన్నది."

"నేను కూర్చుంటానండి. పండ్లే కూర్చునేటట్టు లేవు."

టెంటంతా నవ్వింది. ఆమె నా వైపు చూసింది. "బాబాయ్, తొడిమ దగ్గర విచ్చుకుంది. ముట్టుకుంటే వేలు దిగిపోతోంది. ఇవాళ దాటితే నల్లబడిపోతాయి."

అన్నకు కట్టుబాటు తెలుసు. ఎవరి కన్ను అన్నది ఆయనకు చెప్పక్కర్లేదు. అందుకే ఆయన ఆమెతో కాకుండా నాతో అన్నాడు. "తమ్మీ, గేటు దాటుడు లేదు. ఇయ్యాల నువ్వు దాటితే రేపు ఇంకొకడు దాటుతడు. గప్పుడు నేను ఎవన్ని ఆపాలె?"

"నేను గేటు దాటనన్నా. ల్యాబునే గీడికి తెప్పిస్త."

"అంటే?"

"రోడ్డు మీద వంట చేస్తున్నం. రోడ్డు మీద బతుకమ్మ ఆడుతున్నం. రోడ్డు మీద జర పండు పిసుక్కుంటే తప్పా? ఇది గూడ వంటనే అన్నా. ఉప్పు ఒక్కటి తక్కువ."

ఆయన నా భుజం మీద కొట్టి నవ్వాడు. "తే పో. గాని సీతాఫలాలు సమ్మెకు మద్దతు ఇస్తున్నయని ఒక బోర్డు రాసి పెట్టాలె." ఎవరో నిజంగానే అట్ట ముక్క మీద రాసి కట్టారు.

మేడం సామాను తెచ్చుకుంది. గొట్టం, స్టాండు, కుప్పెలు, కుప్పె అడుగున పెట్టే తెల్ల పలక, రెండు పండ్లు, సీసాలో నీలం రంగు. టెంటులో ఉన్న బల్ల మీద అన్నీ అమర్చింది. మా వాళ్ళు చుట్టూ మూగారు. పండు పిసికి, వడకట్టి, కుప్పెలో పోసింది. నేను పక్కన గొంతుక్కూర్చుని కుప్పెలోకి చూశాను. గులాబీ కనిపించింది.

"ఆపు!" అన్నాను.

"బాబాయ్, ఇంకా కుళాయే తిప్పలేదు."

నేను తల పైకెత్తాను. నెత్తి మీద గులాబీ గుడ్డ, దాని మీద ఎండ. కుప్పె గులాబీ, పలక గులాబీ, ఆమె వేళ్ళు గులాబీ, అన్న తెల్ల జుట్టూ గులాబీయే. మేమంతా కలిసి ఆ గుడ్డ కింద కూర్చుని లోకం రంగు చూసి చెబుదామనుకున్నాం. ఎంత నవ్వారో! డప్పు కొట్టేవాడు డప్పు కింద పెట్టి మరీ నవ్వాడు. నేనూ నవ్వాను. నాకోసం వాళ్ళు నవ్విన ఆఖరి నవ్వు అదేనని ఎవరికి తెలుసు?

బల్లను షామియానా బయటికి లాగాం. అక్కడ ఎండ గాజు మీద పడి కళ్ళలో పొడిచింది. పైగా చౌరస్తాలో తగలబెట్టిన టైర్ల మసి గాలికి ఎగిరి వచ్చి కుప్పెలో వాలింది. వడకట్టిన నీళ్ళేమో గోధుమరంగుకు తిరుగుతున్నాయి. ఆమె వాటిని రోడ్డు పక్కన పారబోసింది. రెండో పండు పిసికింది. అదీ అంతే అయింది.

ఈలోగా ఊరేగింపు కదిలింది. కొత్తపేట మీదుగా దిల్‌సుఖ్‌నగర్ దాకా పోయి రావాలి. అన్న మెడలో కండువా సర్దుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. "నువ్వు గీడనే ఉండు, పప్పు మాడకుండ చూసుకో. మేం పోయొస్తం. వచ్చినంక నీ పండ్ల సంగతి ఆలోచిద్దాం."

"జల్ది రా అన్నా."

"ఊరేగింపు జల్ది పోతదారా?" అన్నాడు. నిజమే. ఊరేగింపు పండులాగే, దాని తీరికలో అది నడుస్తుంది. కానీ పండు వెనక్కి రాదు.

వాళ్ళు వెళ్ళిపోయాక చౌరస్తా ఎంత పెద్దదో నాకు మొదటిసారి తెలిసింది. షామియానాలో నేను, పప్పు గుండిగ, ఇద్దరు ముసలివాళ్ళ నిద్ర. మేడం నన్నేమీ అడగలేదు. గొట్టం కడుక్కుని గుడ్డలో చుట్టి అట్టపెట్టెలో పెడుతోంది. బతిమాలి ఉంటే ఒక జోకు చెప్పి తప్పించుకునేవాణ్ణి. నన్ను బతిమాలినవాళ్ళెవరూ బాగుపడలేదు. ఆమె బతిమాలలేదు.

"లోపల ఇంకొన్ని ఉన్నాయి. నేనే చూసి రాసుకుంటాలే బాబాయ్," అంది.

"నీ కన్ను వేరే, నా కన్ను వేరే. ఆఖరి చుక్క పక్కకు జరుగుతది."

"జరిగితే జరుగుద్ది. ఎవరికి తెలుస్తది?"

"నీకు తెలుస్తది గదా."

ఆమె పెట్టె మూత మూసి, దాని మీద చెయ్యి పెట్టింది. "అవును," అంది. "అదే సమస్య."

అన్న వచ్చేదాకా ఆగవచ్చు. కానీ ఆయన వచ్చేసరికి పొద్దు వాలుతుంది. సందులో కరెంటు లేదు, కిటికీ వెలుతురులోనే చూడాలి. ఒకవేళ ఆయన వచ్చినా ఏమంటాడో నాకు తెలుసు. నాకు ఇవన్నీ ఇప్పుడు వరుసగా తడుతున్నాయి గానీ, అప్పుడు ఇంత ఆలోచించలేదు. గుండిగ కింద కట్టెలు వెనక్కి లాగి, పప్పు మీద మూత పెట్టి, నిద్రపోతున్న పెద్దమనిషిని లేపి, "తాతా, పప్పు జర చూడు" అని చెప్పి, పెట్టె నేను ఎత్తుకున్నాను.

గేటు దగ్గర కాపలా మనిషి మమ్మల్ని చూసి లేచాడు.

"ఏంది, డ్యూటీ ఎక్కుతున్నవా? సంతకం పెడతవా?"

"పెట్ట. నేను రాలే."

"మరి గిదెవరు?"

"నా కన్ను. దానికి కాళ్ళు లేవని నేను తీసుకొచ్చిన."

ఆయన నవ్వలేదు. గేటు తీసి పక్కకు చూశాడు.

లోపల ల్యాబు మీరు చూడాల్సింది. ఫ్యాన్లు ఆగి ఉన్నాయి. గోడకు వరుసగా మేకులు, మేకులకు మా వాళ్ళ తెల్ల కోట్లు. ఒక కోటుకు జేబు చినిగింది, ఒక కోటుకు సిరా మరక, అన్న కోటుకు పై గుండీ ఊడింది. ఏది ఎవరిదో నాకు తెలుసు, ఉతకడానికి వేసేది నేనే కదా. రోజూ ఆ గదిలో ఎవరో ఒకరు రేడియో పెట్టేవాళ్ళు, ఎవరో ఒకరు నన్ను "అరేయ్" అని పిలిచేవాళ్ళు. ఆ రోజు కోట్లు మాత్రం ఉన్నాయి. మనుషులు లేని కోట్ల ముందు పని చెయ్యడం ఎలా ఉంటుందో చెప్పలేను. అందరూ వెనక నిలబడి చూస్తున్నట్టూ ఉంది, నేనొక్కణ్ణే ఉన్నట్టూ ఉంది.

ఆమె పండు విప్పింది. గది అంతా తీపి వాసన. పిసికింది, కలిపింది, వడకట్టింది. కిటికీ పక్కన తెల్ల పలక మీద కుప్పె పెట్టింది. నేను వంగి చూశాను. ఈసారి నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.

నీలం చుక్క పడింది, మాయమైంది. ఇంకోటి పడింది, మాయమైంది. దూరం నుంచి నినాదాలు వినిపిస్తున్నాయి. ఏ వైపు నుంచో తెలియడం లేదు, గాలి తిరిగినప్పుడల్లా దగ్గరికొచ్చి మళ్ళీ వెళ్ళిపోతున్నాయి. నాకు మామూలుగా ఇలాంటప్పుడు నోరు ఊరుకోదు. ఆ రోజు కళ్ళే పని చేశాయి.

"ఆపు."

ఆపింది. గొట్టం మీద చూసింది. ఇంకో పండు తీసుకుంది. మళ్ళీ "ఆపు." మళ్ళీ ఇంకోటి. చివరికి కాగితం మీద ఏదో కూడి, భాగించి, గ్రాఫు దగ్గరికి జరుపుకుని పెన్సిలుతో చుక్క పెట్టింది. ముందురోజు చుక్క కంటే కిందకు.

"తిరిగింది బాబాయ్," అంది. "వంపు తిరిగింది."

మొహం పక్కకు తిప్పుకుంది. నేను కుప్పెలు కడగడానికి లేచాను. కుప్పెలు కడిగేటప్పుడు కుళాయి చప్పుడులో ఏ చప్పుడూ వినపడదు, అదొక సౌకర్యం.

తరువాత మెట్ల మీద కూర్చుని మిగిలిన సీతాఫలాలు తిన్నాం. అంత బాగా మగ్గిన పండ్లు, పారేస్తే పాపం. ఆమె గింజలు అరచేతిలో ఊసుకుంటోంది, నేను దూరంగా ఊస్తున్నాను. "మీకేమైనా ఇబ్బంది అవుద్దా?" అని అడిగింది. "నాకేమైతది, నేను రాలేదు గదా" అన్నాను. ఆమె నవ్వింది. ఆ రోజు ఆ గేటు లోపల ఒక్కరైనా నవ్వారు.

చేతులు కడుక్కోకుండా గేటు దాటాను. అదే సమయానికి సందు మూల నుంచి ఊరేగింపు తిరిగి వచ్చింది. ముందు అన్న ఉన్నాడు. అరిచి అరిచి గొంతు పోయింది, చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. నన్ను చూశాడు. నా వెనక గేటును చూశాడు. గుజ్జు అంటుకున్న నా వేళ్ళను చూశాడు. ఒక్క తిట్టు తిడతాడని నిలబడ్డాను. ఆయన నా పక్కనుంచి నడిచి టెంటులోకి వెళ్ళిపోయాడు. వెనక వస్తున్న మా వాళ్ళు కూడా ఒక్కొక్కరే నా పక్కనుంచి నడిచి వెళ్ళారు, కుళాయిలోంచి చుక్కలు పడ్డట్టు.

నేనూ వెళ్ళి కూర్చున్నాను. విస్తరి వేశారు, పప్పు వడ్డించారు. "పప్పు మాడలే గదా, డ్యూటీ మంచిగనే చేసిన" అన్నాను. ఎవరూ నవ్వలేదు. వినపడలేదేమో అని ఇంకోసారి అన్నాను. రెండోసారి చెప్పిన జోకు ఎలా ఉంటుందో మీకు తెలుసు.

సమ్మె అయ్యేదాకా రోజూ ఆ టెంటులోనే కూర్చున్నాను, మళ్ళీ గేటు వైపు చూడలేదు. ఆఫీసు తెరిచాక అయినా కుదురుకునేది ఏమో. కానీ మా సార్ నడుము నొప్పి తగ్గి వచ్చి, అందరినీ పిలిచి కూర్చోబెట్టి, నా భుజం మీద చెయ్యి వేసి, "సమ్మెలో కూడా పని ఆపని మనిషి, చూసి నేర్చుకోండి" అన్నాడు. మెచ్చుకోలు అనేది అంత బరువుగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. అన్న కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

అక్కడి నుంచి నా మీద నవ్వుల సమ్మె మొదలైంది. పలకరించేవాళ్ళు, పని చెప్పేవాళ్ళు, ఒంట్లో బాగా లేకపోతే దవాఖానకు తీసుకుపోయేవాళ్ళు. ఏ లోటూ చెయ్యలేదు. నవ్వడం మాత్రం మానేశారు. చాయ్ బండి దగ్గర నేను నోరు తెరిస్తే అందరూ గ్లాసుల్లోకి చూసేవాళ్ళు. వాళ్ళేమీ మాట్లాడుకుని చెయ్యలేదు. అన్న నవ్వలేదు కాబట్టి ఎవరూ నవ్వలేదు. జోకులు చెప్పేవాడికి ఇది ఎలాంటిదో చెప్పమంటే, రోజూ కుప్పెలో చుక్కలు వేస్తూనే ఉంటావు, ఎన్ని వేసినా రంగు నిలబడదు. కొన్నాళ్ళకు చెప్పడమే తగ్గించాను.

మేడంకు పట్టా వచ్చింది. వెళ్ళిపోయే ముందు స్వీట్ల డబ్బా పట్టుకుని అందరి బల్లల దగ్గరికీ తిరిగింది. అన్న ఒకటి తీసుకుని, "మంచిగుండు బిడ్డా" అని తల మీద చెయ్యి పెట్టాడు. ఆమె మీద ఆయనకు ఏ కోపమూ లేదు. ఆమె అది చూసి అంతా సర్దుకుందనుకుంది. నేనూ అవునన్నాను.

తెలంగాణ వచ్చింది. ఆ రోజు దిల్‌సుఖ్‌నగర్‌లో కాలు పెట్టే సందు లేదు. అన్న నా మొహానికి రంగు పూశాడు, నేను ఆయనకు పూశాను, ఇద్దరం ఎగిరాం. మరుసటి పొద్దున చాయ్ దగ్గర నేనేదో అన్నాను. ఆయన గ్లాసులోకి చూశాడు. ఇంకొన్నాళ్ళకు ల్యాబుకు మిషన్ వచ్చింది. గొట్టాలు అటక ఎక్కాయి, నా కన్నూ వాటితోపాటు ఎక్కింది. మిషన్ దగ్గర కట్టుబాట్లు లేవు. దానికి గులాబీ అంటే ఒక అంకె.

అన్న నాకంటే ముందే రిటైర్ అయ్యాడు. శాలువా, దండ, ప్రసంగాలు అయ్యాయి. నేను మాట్లాడతానని లేవలేదు, మాట్లాడమని ఎవరూ అడగలేదు. సాయంత్రం కుర్చీలు సర్ది చౌరస్తాకు వస్తే, ఆయన బస్టాపులో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. దండను కవర్లో పెట్టుకుని ఒళ్ళో ఉంచుకున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. ఆయనే ముందు అన్నాడు.

"ఆ దినం నాకు చెప్పి పోవాలెరా నువ్వు."

ఏ దినమని నేను అడగలేదు. "నువ్వు దిల్‌సుఖ్‌నగర్‌ల ఉంటివి గదన్నా."

"ఫోన్ లేదా? మనిషిని పంపరాదా?"

"చెప్తే పోనిస్తుంటివా?"

"పోనియ్యకపోతుంటి."

"మరి చెప్పి ఏం లాభం?"

"లాభం లేదు." ఆయన కవర్లోని దండను అటూ ఇటూ తిప్పాడు. "ఐనా చెప్పాలె. నేను వద్దంటుంటి. నువ్వు నా మాట కాదని పోతుంటివి. గప్పుడు నిన్ను నాలుగు దినాలు మంచిగ తిట్టుకుంటుంటి, మర్చిపోతుంటి. నువ్వు నాకు గా తిట్టే మోకా గూడ లేకుండ చేసినవు. ఏమని తిట్టాలె? ఆ పిల్ల పని నిజమే. నీ కన్ను నిజమే. వచ్చినంక ఆలోచిద్దామన్న నా మాటనే ఉత్తగ పోయింది."

బస్సు వచ్చింది. ఆయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచాడు, ఎక్కాడు, కిటికీ పక్కన సీటు దొరికింది. అప్పుడు నాకు ఒక జోకు తట్టింది. మంచిదే. ఆయన కచ్చితంగా నవ్వేవాడు, భుజం మీద కొట్టేవాడు కూడా. పెదవులు కదిలాయి కాబోలు, ఆయన కిటికీలోంచి ఏమన్నావని చేత్తో అడిగాడు.

ఏమీ అనలేదని చేత్తోనే చెప్పాను. బస్సు కదిలింది.